విద్యార్థి దోషము - పండిత పరిశోధనము

ప్రాచీన తాళపత్రప్రతి యొకటి చేతికి వచ్చినప్పుడు పరిష్కర్తయగు పండితుఁడు మొట్టమొదటఁ జేయు పని యందలి దోషములను గుర్తించుట. అయినను ఆ దోషములకై యతఁడు లేఖకుని దూషింపఁడు. శకటరేఫమునకు మాఱుగా సాధురేఫము పడియున్నచో, లేఖకుని కాలమున ఆ రెంటికిని ఉచ్చారణభేదము నశించియుండునని యూహించును. నడుమ నొక పంక్తి తప్పిపోయినచో, రెండు పంక్తుల తుదల నొకే పదముండుటచేఁ గన్ను క్రిందికి జాఱినదని కనిపెట్టును. ఒక్క దోషమే పదిచోట్లఁ గనఁబడినచో నది సాక్ష్యమని గ్రహించి, దాని యాధారముననే ప్రతి యే కాలమునాఁటిదో, ఏ సీమలోనిదో నిర్ణయింపఁబూనును. ఆ పండితుఁడే మఱునాఁడు తరగతిలో విద్యార్థి వ్రాసిన పత్రమును జేతఁబట్టి, అదే రేఫదోషమును జూచినప్పుడు కారణ మడుగక యెఱ్ఱసిరాతోఁ గొట్టివేయును. ఒకే దోషము లేఖకునియెడ సాక్ష్యమును, విద్యార్థియెడ నపరాధమును ఎట్లగునో విచారించుట యీ విమర్శమునకుఁ బ్రయోజనము.

కళాశాలలలోని యుపాధ్యాయులు తమ విద్యార్థులు నేర్చుకొను తీరును దామే పరిశోధింపవలెనను భావము పాశ్చాత్యదేశములలో నిటీవలి యర్ధశతాబ్దిలో బలపడినది. ఆంగ్లదేశమున లారెన్సు స్టెన్‌హౌసు 1975లో వెలువరించిన గ్రంథమున, ఉపాధ్యాయుఁడు పరులు నిర్ణయించిన పద్ధతిని నడపువాఁడు మాత్రమే గాక తన తరగతిని దానే పరీక్షించు పరిశోధకుఁడు గావలెనని వాదించెను. అమెరికాలో ఎర్నెస్టు బోయరు 1990లో కార్నెగీ సంస్థపక్షమునఁ బ్రకటించిన నివేదికలో, క్రొత్తవిషయములఁ గనుఁగొనుట, వివిధశాస్త్రముల సమన్వయించుట, విద్యను లోకోపయోగమునకుఁ దెచ్చుట యను మూఁటితోఁబాటు బోధనమును సైతము పాండిత్యములో నొక శాఖగాఁ బరిగణించెను. భాషాబోధనమునకు సంబంధించినంతవఱకు నింతకుముందే, 1967లో, పిట్ కార్డరు అను భాషాశాస్త్రవేత్త యొక ముఖ్యమైన విభాగము చేసెను. విద్యార్థి యేమఱుపాటునఁ జేయు పొరపాటు వేఱు. అతని మనస్సులో నేర్పడియున్న నియమమునుబట్టి మరలమరలఁ జేయు దోషము వేఱు. రెండవది యుపాధ్యాయునకు సాక్ష్యమని యాతఁడు చూపెను.

ఇవి క్రొత్తమాటలుగాఁ దోఁచును. కాని యాంధ్రదేశమున నిరువదవ శతాబ్ది తొలిభాగమున నడచిన గ్రాంథిక వ్యావహారిక వివాదమును భాషాపక్షమునుండి గాక బోధనపక్షమునుండి చూచినచో, ఈ ప్రశ్నయే దానికి మూలమని తెలియును. ఏ తెలుఁగు మేలైనదను చర్చగా నా వివాదము ప్రసిద్ధి కెక్కినది. విద్యార్థి యెట్లు నేర్చుకొనును, ఎందుకు నేర్వలేకున్నాఁడు అను చర్చగా నది యారంభమైనది. నడుమ నా ప్రశ్న యెట్లు మఱుగుపడెనో మరల విచారించుట యవసరము.

విచారణమున కొక తావు గావలయును. తావు లేని బోధనచర్చ గాలిమాటగాఁ బోవును. నెల్లూరిసీమలోని యిందుకూరుపేటను నిదర్శనముగాఁ గైకొనవచ్చును. నెల్లూరికిఁ దూర్పున, పెన్న సముద్రమునఁ గలియు చోటికిఁ జేరువనున్న మండలమది. మైపాడు సముద్రతీరము ఆ మండలములోనిదే. 1921 ఏప్రిలులో గాంధిమహాత్ముఁడు ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమమునకు నెలవైన పల్లిపాడును ఆ మండలములోనిదే. వరిమళ్లు, రొయ్యలగుంటలు, ఇసుకదిబ్బలు అక్కడి విద్యార్థి కన్నులయెదుటి లోకము. అట్టి విద్యార్థి యొకఁడు ఉన్నతపాఠశాల ముగించి నెల్లూరి కళాశాలలోఁ దెలుఁగు ప్రధానముగాఁ జదువఁబూనెనని యనుకొన్నచో, అతఁడు వెంటఁదెచ్చుకొను తెలుఁ గెట్టిది? 'ఉన్నాఁడు' అనుటకు 'ఉండాడు' అనియు, 'ఉన్నారు' అనుటకు 'ఉండారు' అనియు నతని యింటి వాడుక. అరసున్న యతని చెవికి వినఁబడదు. సాధురేఫ శకటరేఫములు రెండును అతని నోట నొకటియే.

తిక్కనసోమయాజి మనుమసిద్ధి కొలువున నుండి భారతమునఁ బదునైదు పర్వములు తెనిఁగించినది యీ నెల్లూరిసీమలోనే. ఆ భాష యీ విద్యార్థికిఁ బుట్టినింటి సొత్తు. అయినను ఏడువందల యేండ్ల యెడము దాఁటి దాని నందుకొనవలసియున్నది. ఇంట నొక తెలుఁగు, పాఠ్యపుస్తకమున వేఱొక తెలుఁగు, కావ్యమున మూఁడవ తెలుఁగు. ఈ మూఁటి నడుమఁ ద్రోవ యతఁడు దానే వెదకికొనుచున్నాఁడు. ఆ వెదకులాటలోఁ బడిన యడుగులే అతని దోషములు.

ఒక నిదర్శనము. నది యను నర్థమున 'ఏఱు' అను పదమునందు శకటరేఫము. దుక్కి సాధన మను నర్థమున 'ఏరు' అను పదమునందు సాధురేఫము. ఏరువాక యను పేరున నున్నది యిదియే. ఇందుకూరుపేట విద్యార్థి యేటిని నెఱుఁగును, ఏరువాకను నెఱుఁగును. రెంటిని వేఱుగాఁ బలుకఁడు. పండితుఁ డతనికి 'ఏఱు' పదమును నేర్పినాఁడు. విద్యార్థి తనలోఁ దాను, 'ఏఱు'నకు 'ఏటి' యని యౌపవిభక్తికరూపము గదా, అట్లే 'నీటి' యను రూపమునకు మూలము 'నీఱు' కావలయునని తర్కించి, 'పెన్న నీఱు' అని వ్రాసెననుకొన్నచో నది తప్పే. 'నీఱు' అనఁగా బూడిద. జలవాచకము 'నీరు' అని సాధురేఫముతోఁ గూడినది. పెన్నలో బూడిద పాఱుచున్నట్లు వ్రాసినాఁడని తరగతి నవ్వును. పండితుఁడు సున్న చుట్టును. కాని యా తప్పులోపల నొక వ్యాకరణమున్నది. ఉపమానమునుబట్టి నియమము నూహించుట, ఆ నియమమును దెలియని పదమునకు వర్తింపఁజేయుట యను రెండు వ్యాపారములు అందుఁ గలవు. వైయాకరణుఁడు చేయు పనియు నిదియే. 'ఎందుకిట్లు వ్రాసితివి?' అను నొక్క ప్రశ్న యడిగిన పండితునకు విద్యార్థి బుద్ధి కనఁబడును. అప్పుడు దిద్దుటయు సులభము. పొరుగున నున్న యరవమున జలమునకు 'నీర్' అనియు, బూడిదకు 'నీఱు' అనియు నేఁటికిని వేఱువేఱు రేఫములతో వ్రాయుదురని చూపినచో విద్యార్థి యా భేదమును మఱవఁడు.

అరసున్న సంగతియు నిట్టిదే. 'వాఁడు' అను సర్వనామమునం దరసున్న కలదని నేర్చిన విద్యార్థి 'వాడుక' యను పదమునకుఁ గూడ దానిని దగిలించును. అరసున్న యెఱుఁగనివాఁడు చేయు తప్పు కాదిది. నేర్చికొన్నవాఁడు మాత్రమే చేయఁగల తప్పు. ఎఱ్ఱసిరా యీ యిద్దఱిని నొక్కరీతినే చూచును. ఒకనికి నియమము చెప్పవలయును, ఇంకొకనికి నియమపరిధి చెప్పవలయును. ఈ తారతమ్య మెఱుఁగని బోధన మిద్దఱికిని బాతపాఠమునే మరల వల్లించును.

ఈ దృష్టితోఁ జూచినచోఁ దెలుఁగు పండితులు విద్యార్థికై రచించిన గ్రంథముల విలువ వేఱొక తూనికకు వచ్చును. పరవస్తు చిన్నయసూరి మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలోఁ దెలుఁగు పండితుఁడు. నీతిచంద్రిక 1853లోను, బాలవ్యాకరణము 1858లోను వెలువడినవి. లక్ష్యము ముందును, లక్షణము తరువాతను వచ్చుట గమనింపఁదగినది. నియమములకంటె ముందు చక్కని వచనమును విద్యార్థి చేతికిచ్చుట బోధనక్రమమునకు ననుకూలము. ఇది సూరికిఁ జెల్లవలసిన మన్నన. బాలవ్యాకరణమన్ననో సంజ్ఞ, సంధి, తత్సమము, ఆచ్ఛికము, కారకము, సమాసము, తద్ధితము, క్రియ, కృదంతము, ప్రకీర్ణకము అను పరిచ్ఛేదములతో శాస్త్రసౌష్ఠవమునకు మేలుబంతి. కాని యా క్రమము శాస్త్రమునకు సహజమైన క్రమము. బాలుఁడు భాషను బట్టుకొను క్రమము గాదు. ద్రుతప్రకృతికములు, కళలు అను విభాగము కావ్యములఁ జదివినవానికి ఎఱిఁగినదానికిఁ బేరు పెట్టినట్లుండును. చదువనివానికి ఎఱుఁగనిదానికి నెఱుఁగని పేరు పెట్టినట్లుండును. సూత్రము శాస్త్రమునకు సంక్షేపము. ఆరంభకునకుఁ గావలసినది విస్తరము. ఈ కొఱత సూరిదికంటె నాయన గ్రంథమును యథాతథముగా వల్లింపించి దానినే బోధనమనుకొన్నవారిది. ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతమున నుండఁగా, తిక్కనకాలమువాఁడే యైన మూలఘటిక కేతన యాంధ్రభాషాభూషణమును దెలుఁగు పద్యములలో రచించెను. నేర్చువానికి దగ్గఱ కావలెనను తలఁపు ఆంధ్రవైయాకరణులకుఁ గ్రొత్త గాదనుట కిది నిదర్శనము.

ఇఁక వివాదము పుట్టుక. 1907 ప్రాంతమున నుత్తరసర్కారుల పాఠశాలలకుఁ బరీక్షాధికారిగా నుండిన జె. ఏ. యేట్సు అను నాంగ్లేయుఁడు తాను పుస్తకములనుండి నేర్చిన తెలుఁగు జనుల నోటఁ గానరాకపోవుటకుఁ గారణమేమని ప్రశ్నించెను. అది పరభాషీయుఁడగు నొక విద్యార్థి ప్రశ్న. దానిని దీసివేయక చెవినొగ్గినవారు ముగ్గురును బోధనవృత్తి నెఱిఁగినవారు: విశాఖపట్టణమున ఏ. వి. ఎన్. కళాశాలకు అధ్యక్షుఁడగు పి. టి. శ్రీనివాసయ్యంగారు, విజయనగరము మహారాజకళాశాలలో నుపన్యాసకుఁడుగాఁ బనిచేసిన గురజాడ అప్పారావు, పర్లాకిమిడి రాజావారి కళాశాలలోని గిడుగు వేంకటరామమూర్తి. శ్రీనివాసయ్యంగారు 1909లో దేశభాషల జీవన్మరణములను గుఱించి యాంగ్లమునఁ బుస్తకమును బ్రకటించెను. స్కూలుఫైనలు వ్యాసపరీక్షలో వ్యావహారికమునకుఁ గొంత చోటు లభించుటయు, దానిపైఁ దీవ్రమైన నిరసన పుట్టుటయు, 1914లో మదరాసు విశ్వవిద్యాలయోపసంఘమునెదుట గురజాడ యసమ్మతిపత్రము సమర్పించుటయు, తుదకుఁ గ్రాంథికపక్షమునకే యప్పటికి గెలుపు కలుగుటయుఁ బ్రసిద్ధములు.

ఈ ముగ్గురిలో గిడుగువారి యనుభవము వేఱు. ఆయన 1880లోఁ బర్లాకిమిడి పాఠశాలలో నుపాధ్యాయుఁడుగాఁ జేరి, ముప్పది యేండ్లకుఁ బైఁబడి బోధించి, 1911లో విరమించెను. ఆ కాలముననే కొండలలోని సవరలకుఁ జదువు చెప్పఁదలఁచి, ముందుగా సవరనొకనిని జేరఁదీసి యతనియొద్ద సవరభాషను నేర్చెను. ఆ భాషలో వాచకములు వ్రాసి, తన ఖర్చుమీఁదఁ బాఠశాలలు నడపెను. సవరభాషా వ్యాకరణగ్రంథము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. ఈ కృషిని భాషాశాస్త్రమునకుఁ జేసిన సేవగా లోకము మెచ్చుకొన్నది. బోధనదృష్టికి దీని యందలి విశేష మింకొకటి. ఇక్కడ గురువే మొదట శిష్యుఁడయ్యెను. శిష్యుని భాష తనకుఁ బట్టుపడక తాను చేసిన తప్పులనుండి, తన భాష శిష్యునకుఁ బట్టుపడకపోవుటకుఁ గారణము నెఱుఁగఁగల చోటు నాయన సంపాదించుకొనెను. తన తరగతిని దాను పరిశోధించిన యుపాధ్యాయునకు, ఆ పేరు పుట్టకముందే, ఇంతకంటె మంచి నిదర్శనము తెలుఁగుసీమలోఁ జూపుట కష్టము.

అయినను తెలుఁగునకు వచ్చునప్పటికి గిడుగువారి వాదసరణి మాఱినది. బాలకవిశరణ్యమునఁ గవిప్రయోగములతో బాలవ్యాకరణమును బరీక్షించిరి. గద్యచింతామణిలోఁ బూర్వుల వచనములనుండి వ్యావహారికరూపములను గుదిగ్రుచ్చిరి. ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజమునఁ గ్రాంథికవాదుల రచనలలోని దోషములను బట్టి చూపిరి. సాక్ష్యమంతయు గ్రంథములనుండియే. ముప్పది యేండ్లు తరగతిలోఁ గూర్చుండి చూచిన విద్యార్థుల వ్రాఁతలు ఈ వాదమున ముందునకు రాలేదు. కారణ మూహింపవచ్చును. వాదించువాఁడు ప్రతివాది యంగీకరించు ప్రమాణమునే చూపవలయును. పండితసభలోఁ గవిప్రయోగము ప్రమాణము, శాసనము ప్రమాణము. విద్యార్థి వ్రాఁతపుస్తకము ప్రమాణము గాదు. గిడుగువారు సభను గెలువఁదలఁచి సభ యొప్పుకొను నాయుధములఁ జేపట్టిరి. ఆ యెంపికలోఁ దరగతి వెనుకఁబడినది.

భాషాభేషజమునందలి యుక్తి నింకను నిదానించి చూడవలయును. పండితులకే గ్రాంథికము నిర్దుష్టముగాఁ బట్టుపడనిచో బాలురకెట్లు పట్టుపడునను ప్రశ్న బలమైనది. విన్నవెంటనే సమ్మతి కలిగించును. కాని తర్కమునకు నిలుపునప్పుడు రెండు సందులు కనఁబడును. మొదటిది: పండితుని దోషములలో నేవి యేమఱుపాటులు, ఏవి నియతములు అని విభజింపవలసియున్నది. అచ్చుకూర్పరి చేతిదోషమును, సంధినియమము తెలియని దోషమును ఒకే పట్టికలోఁ జేర్చినచో సంఖ్య పెరుగును, అర్థము తఱుగును. రెండవది: ఒక విద్య కష్టమని తేలినంతమాత్రమున నది నేర్పఁదగనిదని తేలదు, నేర్పుపద్ధతి చెడ్డదనియుఁ గావచ్చును. వ్యావహారికమున వ్రాసిన విద్యార్థి భావమును మెఱుఁగుగాఁ దెలుపఁగలఁడా యనుటకు, ఒకే తరగతివారిచే రెండు విధముల వ్రాయించి పోల్చిచూచుట యొక్కటే సాక్ష్యము. అట్టి పోలిక యా వివాదమునకు మూలస్తంభము గాలేదు. ఇది గిడుగువారి గొప్పతనమునకు లోపము గాదు. ఆయన తెఱచిన ద్వారమున లోపలికిఁ బోవలసినవారు గుమ్మముకడనే నిలిచి వాదించికొనిరనుట మాత్రము చెప్పఁదగినది.

ప్రతిపక్షమునకును న్యాయము చేయవలయును. జయంతి రామయ్యపంతులు ప్రభృతులు 1911లో నెలకొల్పిన యాంధ్రసాహిత్యపరిషత్తు ప్రాచీనగ్రంథరక్షణమునకుఁ జేసిన సేవ సామాన్యమైనది గాదు. వారి భయము విద్యార్థిని గుఱించినదే: నేఁటి వాడుకకే యలవడినవాఁడు తిక్కనకు దూరమగును గదా యని. ఈ భయము నిరాధారము గాదు. అయితే దూరమగునా, ఎంత దూరమగును, ఏ తరగతిలోఁ గావ్యభాషను బ్రవేశపెట్టిన దూరము తగ్గును అనునవి గూడఁ బరీక్షించి తెలిసికొనవలసిన సంగతులే గాని ప్రతిజ్ఞచేసి తేల్చునవి గావు.

నెల్లూరిసీమతో సంబంధము గల వేదము వేంకటరాయశాస్త్రిగారు మదరాసు క్రైస్తవకళాశాలలో బహుకాలము పండితపదవి నలంకరించి, 1929లోఁ గీర్తిశేషులైరి. వ్యావహారికవాదము నెదిర్చినవారిలో నగ్రగణ్యులు. అయినను 1897లో వెలువడిన ప్రతాపరుద్రీయనాటకమున నీచపాత్రములచే వారివారి వాడుకభాషనే పలికించి, గ్రామ్యభాషాప్రయోగనిబంధనమున దానిని సమర్థించిరి. మనుష్యుఁ డెట్లు పలుకునో చెవియొగ్గి వినఁగల శక్తి యా పండితున కెంతయు నుండెననుట కిది సాక్ష్యము. ఆముక్తమాల్యదకు సంజీవనియు, శృంగారనైషధమునకు సర్వంకషయు వ్రాసిన వ్యాఖ్యాత యాయన. వ్యాఖ్యాన మనఁగా నేమి? చదువరి యెక్కడఁ దొట్రుపడునో ముందే యెఱిఁగి యక్కడఁ జేయి నందించుట. తేటపదమును విడిచి క్లిష్టపదమునొద్ద వ్యాఖ్యాత నిలుచుచున్నాఁడన్నచో, అతని మనస్సులో నొక విద్యార్థి కూర్చుండి ప్రశ్నించుచున్నాఁడని యర్థము. దీర్ఘకాలము బోధించిన పండితుని వ్యాఖ్యలో ఆ విద్యార్థి కల్పితుఁడు మాత్రమే గాఁడు. ఈ దృష్టిచేఁ గ్రాంథికపక్షమునందును దరగతిపరిశోధనము లేకపోలేదు. అది వ్యాఖ్యారూపమున నిమిడియున్నది. ప్రశ్నలను దుడిచి సమాధానములను మాత్రము మిగుల్చుట వ్యాఖ్యానసంప్రదాయమునందలి లోపము. ఏ పద్యమునొద్ద నెందఱు విద్యార్థులు ఏమని పొరఁబడిరో యను లెక్క మనకు మిగిలియున్నచో నది యే నిఘంటువునకుఁ దీసిపోని సంపద యయ్యెడిది.

కాలక్రమమున వ్యావహారికము గెలిచినది. 1966లోఁ దెలుఁగు అధికారభాష యయ్యెను. 1968లో నేర్పడిన తెలుఁగు అకాడమి కళాశాలలకుఁ దెలుఁగున శాస్త్రగ్రంథములు సమకూర్చెను. ఇందుకూరుపేట విద్యార్థికి దీనివలన లాభము గలిగినదా? కొంత గలిగినది. కాని పత్రికలును బాఠ్యపుస్తకములును శిష్టవ్యావహారికమని స్థిరపఱచిన తెలుఁగు ప్రధానముగాఁ గృష్ణాగోదావరీతీరములది. భద్రిరాజు కృష్ణమూర్తి ప్రభృతులగు భాషాశాస్త్రవేత్తలు తెలుఁగును నాలుగు మండలములుగా విభజించి, నెల్లూరిని రాయలసీమతోఁగూడ దక్షిణమండలమునఁ జేర్చిరి. ఈ మండలపు 'ఉండాడు' అను రూపము నాఁడు గ్రాంథికపండితుని చేతఁ గొట్టివేయఁబడినది; నేఁడు వ్యావహారికపండితుని చేతను గొట్టివేయఁబడుచున్నది. ప్రమాణము మాఱినది గాని సిరా మాఱలేదు. విద్యార్థి యింటిమాటకును వ్రాఁతమాటకును గల సంబంధమును విచారింపనంతకాలము ఏ భాష గెలిచినను అతఁ డోడినవాఁడే.

మాధ్యమవివాదమునందును నిదే కథ. 2019 నవంబరులో నాంధ్రప్రదేశ ప్రభుత్వము ప్రాథమికతరగతులనుండి యాంగ్లమాధ్యమమును బ్రవేశపెట్ట నుత్తరువు వెలువరించుటయు, 2020 ఏప్రిలులో నున్నతన్యాయస్థానము దానిని గొట్టివేయుటయు జరిగినవి. ఇరుపక్షములును హక్కులను, ఉద్యోగములను, సంస్కృతిని గుఱించి పలుకవలసినంత పలికిరి. తరగతిలోఁ గూర్చున్న బాలుఁడు పాఠములో నేది గ్రహించెను, ఏది గ్రహింపలేదు అని దినదినమును జూచు నుపాధ్యాయుని దినచర్యపుస్తకము మాత్రము ఈ సభకును బిలువఁబడలేదు. సాక్షి యున్నాఁడు, సాక్ష్యము వ్రాసిపెట్టఁబడలేదు.

ఇట్టి పరిశోధనమునకు నాక్షేపములు గలవు. తన విద్యార్థిని దానే పరిశోధించువాఁడు సాక్షియు న్యాయాధిపతియు దానే యగును. తన పద్ధతి ఫలించినదని చూపుటయందుఁ దమకము సహజము. ముప్పదిమంది గల తరగతినుండి లోకమున కెల్ల వర్తించు సిద్ధాంతము రాదు. మార్కులు వేయువాఁడే ప్రశ్నించునప్పుడు విద్యార్థి మనసు విప్పి చెప్పఁడు. అన్నిటికంటె ముఖ్యముగా, విద్యార్థి నేర్చికొన వచ్చినవాఁడు గాని పరీక్షావస్తువుగా నుండ వచ్చినవాఁడు గాఁడు. ఈ నాలుగు నాక్షేపములును సత్యములే. వీనికి సమాధానము పండితులకుఁ బరిచితమైన పరిష్కరణశాస్త్రమునందే కలదు. ఒక్క ప్రతినే నమ్మని పరిష్కర్త పలుప్రతుల సంపాదించును. అట్లే ఒక పండితుని తరగతి పత్రములను వేఱొక పండితుఁడు పేరులు తొలఁగించి చూడవలయును. పరిష్కర్త తన యూహను మూలములో జొనుపక యధోజ్ఞాపికలోఁ దెలుపును. అట్లే విద్యార్థి వ్రాసిన రూపమును యథాతథముగా నుంచి కారణోహను వేఱుగా వ్రాయవలయును. లభించిన ప్రతులకు మించి పరిష్కర్త ప్రతిజ్ఞ చేయఁడు. అట్లే యొక తరగతిలోఁ దేలినది యా తరగతికిఁ జెల్లునని మాత్రమే చెప్పవలయును. మార్కులతో సంబంధము లేని పత్రములపై, విద్యార్థి సమ్మతితో, అతని పేరు బయలుపడకుండ నీ పని జరుగవలయును.

పని మాత్రము పెద్దది గాదు. తిక్కన పర్వమునుండి యొక పద్యమును సంవత్సరారంభమున విద్యార్థులకిచ్చి, పదవిభాగమును దాత్పర్యమును వ్రాయింపవచ్చును. ప్రతి దోషమునొద్దను 'ఎందుకు?' అని యడిగి విద్యార్థి చెప్పిన కారణమును అతని మాటలలోనే గుర్తింపవచ్చును. సంవత్సరాంతమున అట్టి పద్యమునే మరల నిచ్చి, తగ్గిన దోషము లెవ్వి, తగ్గనివి యెవ్వి, క్రొత్తగాఁ బుట్టిన వెవ్వి యని పోల్పవచ్చును. క్రొత్తగాఁ బుట్టినవి, 'నీఱు', 'వాఁడుక' వంటివి, విద్యార్థి ముందడుగు వేసినాఁడనుటకు గుఱుతులు. వానిని దగ్గినవానికంటె శ్రద్ధతోఁ జూడవలయును. నెల్లూరు, పర్లాకిమిడి, అనంతపురము, వరంగల్లు మొదలగు చోట్ల నుండు పండితులు నలుగురు నిట్టి పట్టికలను నొకచోటఁ జేర్చినచో, ఏ సీమ విద్యార్థికిఁ గావ్యభాషలో నేది కష్టమో తొలిసారిగాఁ దెలియును. వ్యాకరణమునకు బాలక్రమమేదో నిర్ణయించుటకు నది యాధారమగును. గ్రాంథికమా వ్యావహారికమా యను ప్రశ్నయు, నప్పటికి మిగిలియున్నచో, ఊహమీఁద గాక చూచినదానిమీఁదఁ జర్చింపఁబడును.

సాహిత్యపరిశోధనసంస్థలు లేఖకుల దోషములను భద్రపఱచి పాఠాంతరములని గౌరవించినవి. ఎవరో యజ్ఞాతలేఖకుఁడు 'ఏఱు'నకు 'ఏరు' అని వ్రాసిన రూపమునకు ముద్రితగ్రంథముల యడుగున నొక పంక్తి కేటాయింపఁబడుచున్నది. ఆ పదమునే యట్లే వ్రాసిన యిందుకూరుపేట విద్యార్థికి, మార్కు తగ్గించిన తరువాతనైన, పండితుని పుస్తకమున నట్టి పంక్తి యొకటి దొరకవలసియున్నది.